నాలుగున్నర బస్సు

పోయిన ఆదివారం మా వాకింగు బృందం వాళ్ళం పద్నాలుగు మందిమి వ్యాను మాట్లాడుకుని వాడరేవు వెళ్ళాం. నరసరావుపేటలో రోజూ కాలేజీ గ్రౌండు చుట్టూ తిరిగిందే తిరిగే రిటైరైన వాళ్ళం మేమంతా. నెలకో ఆదివారమైనా ఊరు దాటి ఎక్కడికైనా వెళ్ళి నడిచి రావాలన్న ఆలోచన, మా బృందానికి పెద్దదిక్కుగా ఉండే ఒక రిటైర్డు తహశీల్దారుగారిది. తెల్లవారేసరికి సముద్రం ఒడ్డున దిగి, రామాపురం వైపు తడి ఇసుక మీద నడక మొదలుపెట్టాం. నా మోకాళ్ళు రెండూ అరిగాయని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. గ్రౌండులో సిమెంటు దారి మీద ఎలాగో నెట్టుకొస్తున్నాను గాని, ఇసుకలో కాలు తీసి కాలు వెయ్యడం నావల్ల కాలేదు. తల వంచుకుని కిందికి చూస్తూ నడుస్తున్నవాణ్ణి, కాసేపటికి తలెత్తి చూస్తే, పదమూడు మందీ దూరాన ఆగి, వెనక్కి తిరిగి, నాకోసం నిలబడి ఉన్నారు. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు. మెల్లగా రండి మాష్టారూ, తొందరేముంది అన్నట్టు తహశీల్దారుగారు చెయ్యి ఊపారు. దానికి నేను నవ్వాలి. నవ్వలేక తల దించుకున్నాను. ఆయాసం వల్లననుకుని ఒకాయన వెనక్కొచ్చి నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చాడు.

ఆయాసం కాదు. అదే ఒడ్డున, అదే ఇసుకలో, నలభై ఏళ్ళ కిందట ఇలాగే ఒక మనిషి నెమ్మదిగా నడిచి రావడం నేను చూశాను. ఆయన మా బావ, మా అక్క భర్త. ఆయన కోసం ఆగకపోవడం ఒక్కటే నేను చేసిన తప్పయితే ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు.

నాకు లెక్కల మాష్టారుగా మొదటి ఉద్యోగం నరసరావుపేటలోనే వచ్చింది. అప్పటికి పెళ్ళి కాలేదు. వేరే గది చూసుకుంటానంటే మా బావ ఒప్పుకోలేదు. అక్క ఇల్లు ఉండగా హోటలు కూడెందుకని నా ట్రంకుపెట్టె తానే రిక్షాలో వేయించుకుని తెచ్చాడు. ఆయనది మాచర్ల వైపు పల్లె. చదువు ఐదో తరగతితో ఆగింది. చిన్నతనం నుంచీ నాపరాళ్ళ క్వారీలో పనిచేశాడు. అక్కడ ఒకనాడు రాయి జారి ఎడమ కాలి మీద పడితే, ఎముక అతికింది గాని కాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. క్వారీ పనికి పనికిరాక పేట చేరి, నాపరాళ్ళు అమ్మే ఒక డిపోలో రాళ్ళ కొలతలు వేసే పని చూసుకునేవాడు. రాయిని గోటితో మీటి, ఆ మోగే తీరును బట్టి అందులో పగులుందో లేదో చెప్పేవాడు. మావాళ్ళు ఆయనవి పాము చెవులనేవాళ్ళు. ఈ సంగతి గుర్తుంచుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను.

ఆదివారం నడక మొదలుపెట్టింది కూడా మా బావే. కాలు బిగుసుకుపోకుండా రోజూ నడవమని డాక్టరు చెప్పాడట. ఆదివారం పొద్దున్నే నన్ను కూడా లేపి, ఊరి బయట పొలాల గట్ల వెంట తీసుకెళ్ళేవాడు. మిరప తోటల వాసన, మంచు, దారిలో ఎదురయ్యే రైతులతో ఆయన పలకరింపులు, ఇవన్నీ నాకు ఆ రోజుల్లో ఎంతో ఇష్టంగా ఉండేవి. తరవాత మా స్కూలు సైన్సు మాష్టారు వచ్చి కలిశాడు. ఆయన వెనకే బ్యాంకులో పనిచేసే గుంటూరు కుర్రాడొకడు, వాడి గదిలో ఉండే ఇంకో ఇద్దరు గుమాస్తాలు చేరారు. అందరం పాతికేళ్ళ వాళ్ళం, పెళ్ళి కానివాళ్ళం. గట్ల మీద షికారు కాస్తా కోటప్పకొండ దాకా పందెం నడకగా మారింది. గంటకి ఎన్ని మైళ్ళు నడిచామో చెప్పుకోవడం మాకు గొప్ప అయింది. మా బావ మాత్రం ఎప్పటిలాగే ఒక పక్కకి ఒరుగుతూ, ఆగిన చోటల్లా ఎవరినో పలకరిస్తూ, ఎంతో వెనక వచ్చేవాడు. మేం ఆగి ఎదురు చూడాల్సి వచ్చేది.

బ్యాంకు మిత్రుడంటే నాకు అప్పట్లో ఎంతో మోజు. ఇంగ్లీషు బాగా మాట్లాడేవాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా పది మైళ్ళు నడిచేవాడు. ఒకరోజు దారిలో కల్వర్టు మీద కూర్చుని మా బావ కోసం ఎదురు చూస్తుండగా, మీ బావగారితో బయల్దేరితే మనం చేరేసరికి కొండ మీద తిరునాళ్ళు కూడా అయిపోతాయని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో దురుద్దేశం లేదని ఇప్పుడు తెలుస్తోంది గాని, అప్పుడు నాకు ముఖం మీద కొట్టినట్టయింది. ఆ రోజు నుంచి మా బావ లుంగీ, ఆయన గట్టి గొంతు, ఆయన కుంటి నడక, అన్నీ నా మిత్రుల కళ్ళతోనే నాకు కనపడసాగాయి. ఆయన ఇంట్లో, ఆయన పక్కన కూర్చుని ఆయన పెట్టిన అన్నం తింటూనే ఆయన నడకకి సిగ్గుపడ్డాను.

అటువంటి రోజుల్లో వాడరేవు ప్రయాణం అనుకున్నాం. ఆదివారం మొదటి బస్సుకి చీరాల వెళ్ళి, అక్కడినుంచి నడిచి వాడరేవు చేరి, ఒడ్డు వెంట రామాపురం దాకా పోయి రావాలని. మా బావ అప్పటికి సముద్రం చూడలేదు. ఆయనకు తెలిసిన పెద్ద నీళ్ళన్నీ కృష్ణే. ఆ వారమంతా ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు ఇన్నీ అన్నీ కావు. అవతలి గట్టు ఎంత దూరాన కనపడుతుందని, నీళ్ళలో దిగితే లోపలికి లాగుతుందా అని. ఇసుకలో దిగబడకుండా ఎడమ చెప్పుకి వెడల్పాటి టైరు ముక్క అడుగు వేయించుకొచ్చి, వసారాలో అటూ ఇటూ నడిచి మా అక్కకు చూపించాడు.

శనివారం సాయంత్రం నేను సంచీ భుజానికి తగిలించుకుని, బస్టాండుకి దగ్గరని బ్యాంకు మిత్రుడి గదిలో పడుకుంటానని బయల్దేరాను. మా బావ గుమ్మం దాకా వచ్చాడు. అక్క లోపల పొయ్యి దగ్గర ఉంది.

"ఎన్నింటికిరా బస్సు?" అన్నాడు.

మొదటి బస్సు నాలుగున్నరకి. ఆ సంగతి నాకు నా పేరంత బాగా తెలుసు. ఆయన అడిగేదాకా నేను ఏమీ అనుకోలేదని, నోటికి అలా వచ్చేసిందని ఎన్నో ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. బుధవారం నుంచే అనుకుంటున్నాను.

"ఆరింటికి బావా," అన్నాను.

"ఆరింటికేనా? నాకోసం లేటు చెయ్యకండ్రా, నేను ఐదున్నరకే వచ్చి కూర్చుంటా," అన్నాడు.

తెల్లవారుజామున బస్టాండులో మిత్రులు మీ బావగారేరి అని అడిగితే, కాలు నొప్పిగా ఉంది రానన్నాడని చెప్పాను. వాళ్ళు పాపం అనుకున్నారు. సైన్సు మాష్టారైతే, ముందే చెబితే వచ్చే వారానికి మార్చుకునేవాళ్ళం గదా అని కూడా అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. నాలుగున్నరకి బస్సు కదిలింది.

ఆ రోజు నడక ఎంత బాగా సాగిందో కూడా చెప్పాలి. చీరాల నుంచి సరుగుడు తోటల మీదుగా ఈలలు వేసుకుంటూ వాడరేవు చేరాం. ఎవరికోసమూ ఆగాల్సిన పని లేక రామాపురం దాకా ఒక్క ఊపులో వెళ్ళిపోయాం. నేను ఆ రోజంత ఉత్సాహంగా ఎన్నడూ లేను. వెనక్కి వస్తుండగా పదిన్నర దాటి ఉంటుంది, ఎండ ఎక్కుతోంది, వాడరేవు వైపు నుంచి ఒడ్డు వెంట ఎవరో ఒక్క మనిషి వస్తూ కనపడ్డాడు. ముఖం తెలిసే దూరం కాదు. మనిషి ఎడమ పక్కకి ఒరుగుతూ, లేస్తూ, మళ్ళీ ఒరుగుతూ వస్తున్నాడు. ఆ నడక ఎవరిదో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసి ఏం చేశానంటారా, సముద్రం వైపు తిరిగి, దూరాన తెరచాపలేవో కనిపిస్తున్నాయని మిత్రులకు చూపించాను.

ఎంతసేపు చూపించగలను? మా బావ దగ్గరికొచ్చాడు. ఒక చేతిలో చెప్పులు, రెండో చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మనిషి మాత్రం నవ్వుతున్నాడు.

"కాలు నొప్పి తగ్గిందా అన్నా?" అని సైన్సు మాష్టారు ఎదురెళ్ళాడు.

మా బావ ఆయన వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. ఆ చూపు ఎంతోసేపు లేదు; రాయిని ఒకసారి మీటి వినేంతసేపు. నేను చెప్పింది రెండు అబద్ధాలని అప్పుడాయనకు తెలిసింది.

"తగ్గింది తమ్ముడూ," అన్నాడు. "పొద్దున లేచేసరికి చానా తగ్గింది. అందుకని ఎనక బస్సుకొచ్చా. మీరు ఆకలితో ఉంటారని మా ఇంటామె ఇది కట్టిచ్చింది."

పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి. ఆరుగురికి సరిపోయేట్టు మా అక్క నాలుగింటికే లేచి వండింది. ఒక పడవ నీడలో కూర్చుని తిన్నాం. మిత్రులు లొట్టలు వేసుకుంటూ తిని మా అక్కను పొగిడారు. నేను కూడా తిన్నాను, తినకపోతే అడుగుతారని. తినడం అయ్యాక మా బావ నీళ్ళ దగ్గరికి పోదాం రారా అన్నాడు. నేను వస్తానన్లేదు, రానన్లేదు. గవ్వలు ఏరుకుందామని మిత్రులను తీసుకుని ఇంకో వైపు పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన పడవ చెక్క మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

ఇంటికి చేరేసరికి మా అక్క వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. పొద్దున పాలు పోసే ఆమె చెప్పిందట, మీ ఆయన బస్టాండులో ఒక్కడే క్యారియరు పెట్టుకుని కూర్చున్నాడు, మాష్టర్లంతా మొదటి బస్సుకే పోయారని టీ కొట్టతను అంటున్నాడు అని. ఆయన్ని వదిలేసి ఎట్లా పోయావురా అని అక్క నన్ను పట్టుకుంది. నేను నోరు తెరిచాను. ఏం చెబుదామని తెరిచానో ఇప్పటికీ తెలియదు. నా మాట బయటికి రాకముందే మా బావ అందుకున్నాడు.

"వాణ్ణేమీ అనబాకే. వాడు నాలుగున్నరనే చెప్పాడు. నేనే ఆరని యిన్నా. క్వారీలో మందుపాతర్ల మోతకి నా చెవులు ఎప్పుడో పోయినయ్ గదా."

మా అక్క ఒక్క క్షణం ఆయన్ని చూసి, ఫక్కున నవ్వింది. నాలుగున్నర ఎక్కడ, ఆరు ఎక్కడ అంది. ఆయనా నవ్వాడు. నేనూ నవ్వానని రాయడానికి నా చెయ్యి కదలడం లేదు గాని, నవ్వాను.

ఆ తరవాతి ఆదివారం నుంచి మా బావ నడకకి రాలేదు. డిపోలో పని ఎక్కువగా ఉందన్నాడు. మేం నాలుగు నెలలు నడిచాం. తరవాత బ్యాంకు మిత్రుడికి బదిలీ అయింది, ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, బృందం చెదిరిపోయింది. నాకూ పెళ్ళయి సత్తెనపల్లికి బదిలీ అయింది. బావ నన్ను ఆ విషయం ఏనాడూ అడగలేదు. నా పెళ్ళిలో ఎడమ కాలు ఈడుస్తూ పందిరంతా తిరిగి పనులు చేశాడు.

మా అక్క మాత్రం ఆ మాటను వదల్లేదు. బీరకాయలు తెమ్మంటే ఆయన కాకరకాయలు తెచ్చాడనుకోండి, ఈయనకి నాలుగున్నరంటే ఆరే అనేది. పిలిస్తే పలకడం ఆలస్యమైతే అదే మాట. పిల్లలు పుట్టి పెరిగి వాళ్ళూ అదే మాట నేర్చారు. బంధువులంతా కలిసినప్పుడు వాడరేవు కథ చెప్పమని అక్కను అడిగేవాళ్ళు, అక్క ఆయన గొంతునూ నడకనూ అనుకరిస్తూ చెప్పేది, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. మా బావ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, అవును, చెవుడు గదా అనేవాడు. కాలం గడిచేకొద్దీ ఆయనకు నిజంగానే వినపడదని అందరూ నమ్మారు. అల్లుడు ఫోనులో ఆయనతో అరిచి మాట్లాడేవాడు. పెళ్ళిపిలుపులకి వచ్చినవాళ్ళు ఆయనకు చెప్పాల్సింది మా అక్కకు చెప్పిపోయేవాళ్ళు. రాయిని మీటి లోపలి పగులు చెప్పగల మనిషి తన ఇంట్లోనే చెవిటివాడై కూర్చున్నాడు. ఆ నవ్వుల మధ్య ఎన్నోసార్లు నేనూ ఉన్నాను. ఒక్కసారి, ఒక్క మాట చెబితే చాలు. ఈసారి చెబుదాం, మళ్ళీ వచ్చినప్పుడు చెబుదాం అని వాయిదా వేస్తూ ముప్పై ఏళ్ళకి పైగా గడిపాను. ఆరేళ్ళ కిందట మా బావ పోయాడు. దినాల రోజున కూడా ఎవరో ఆ మాట తలుచుకున్నారు. కన్నీళ్ళతోనే మా అక్క నవ్వింది.

పోయిన ఆదివారం వాడరేవు నుంచి తిరిగొచ్చాక, స్నానమైనా చెయ్యకుండా మా అక్క దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు కూతురి దగ్గర పేటలోనే ఉంటోంది. పెరటి వసారాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వాడరేవు వెళ్ళొచ్చామని చెప్పగానే, ఈసారి బస్సు ఎన్నింటికిరా అని నవ్వింది. నేను పక్కన కూర్చుని, ఆమె ముఖం చూడకుండా, అంతా చెప్పాను.

అక్క చేతులు కాసేపు అలాగే గింజలు తీస్తున్నాయి. తరవాత ఆగిపోయాయి.

"ఆరింటికని చెప్పింది నువ్వా?"

"నేనే."

"ఏందిరా, ఎందుకు?"

"ఆయన కుంటుతా వస్తుంటే వాళ్ళ ముందు నామోషీగా ఉండేదక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేతికంటిన చింతపండు గిన్నె అంచుకి రాసింది.

"నువ్వు చేసింది నువ్వు చేశావు," అంది చివరికి. "వయసులో ఉండి చేశావు. మరి నన్నెందుకు కలుపుకున్నావురా అందులో? ఇన్నేళ్ళు ఆయన్ని నా నోటితో అనిపించావే. మనిషి ఉన్నప్పుడు చెప్పుంటే నేను ఆపేదాన్ని గదా."

తరవాత ఇంకో మాట అడిగింది. ఆ రోజు ఆయన నీళ్ళల్లోకి దిగాడా, దిగి ఏమన్నాడు అని. ఇంటికొచ్చాక ఆయన్ని అడగాలనుకుందట గాని, ఆ నవ్వుల్లో పడి అడగనే లేదట. సముద్రం గురించి ఆయన తనంత తాను ఎప్పుడూ మాట్లాడలేదట. లుంగీ మోకాళ్ళ దాకా తడిసిందక్కా, అంతకన్నా నాకు తెలియదు అని చెప్పాను. మా బావ మొదటిసారి సముద్రంలోకి దిగినప్పుడు ఆయన ముఖం చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూడాల్సినవాణ్ణి నేను, గవ్వలు ఏరుకుంటున్నాను.

నిన్న మళ్ళీ వెళ్ళాను. నేనున్నప్పుడే మా అక్క మనవరాలు ఏదో మాట తప్పుగా విని, అమ్మమ్మా నాకూ తాతయ్య చెవులే వచ్చినయ్ అంది. మా అక్క ఆ పిల్ల జడ సర్దుతూ, మీ తాతకి చెవులు బాగానే వినపడేయమ్మా అంది నెమ్మదిగా. పిల్ల నవ్వు ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇకమీదట ఆ ఇంట్లో ఆ కథ ఎవరూ చెప్పరు. తాత గురించి ఆ పిల్లలకు తెలిసిన కథ అదొక్కటే. దాన్ని కూడా నేనే తీసేసినట్టయింది.

ఇప్పుడు ఎవరికైనా బస్సు టైము కావాలంటే ఫోనులో చూసుకుంటారు. ఎవరు ఎక్కడున్నారో, ఎంతసేపట్లో వస్తారో కూడా అందులోనే కనపడుతుంది. మా వాకింగు బృందంలో అయితే బయల్దేరే వేళ ముందురోజే మూడుసార్లు మెసేజి వస్తుంది. ఇవాళ నాలాంటివాడు ఎవరినీ అలా వదిలిపోలేడు, అది మంచికే. మన రోజుల్లో అవేవీ లేవు. ఇంట్లో మనిషి ఆరింటికి అంటే ఆరింటికే. ఇంకొకరిని అడిగి చూసుకోవాలన్న ఆలోచనే రాదు, అన్నం కట్టుకుని వెళ్ళి కూర్చోవడమే. ఆ రోజులు ఎంత మంచివో అని మనం తరచూ చెప్పుకుంటాం, నేనూ చెబుతూ ఉంటాను. ఆ మంచి అంతా అలా వెళ్ళి కూర్చున్న వాళ్ళది. నేను ఆ కాలం మనిషినని చెప్పుకోవడానికి ఈ మధ్య నాకు నోరు రావడం లేదు.